నవలలో లేని యుద్ధం

2003లో వచ్చిన 'మాస్టర్ అండ్ కమాండర్: ది ఫార్ సైడ్ ఆఫ్ ది వరల్డ్' సినిమా చూసినవాళ్లని ఏం గుర్తుందని అడిగితే, ఎక్కువమంది చివరి పోరు గురించే చెబుతారు. ఇంగ్లిష్ యుద్ధనౌక 'సర్‌ప్రైజ్' తిమింగలాల వేట ఓడలా వేషం కడుతుంది. తనకంటే చాలా పెద్దదైన ఫ్రెంచి ఓడని ఆశపెట్టి దగ్గరికి రప్పిస్తుంది. ఆఖరి నిమిషంలో అసలు జెండా ఎగరేసి ఫిరంగులు పేలుస్తుంది. ఆ తర్వాత అంతా పొగ, కత్తులు, విరిగిన కొయ్యలు. దీనికి మూలమైన ప్యాట్రిక్ ఓబ్రయన్ నవల నేను కొన్నది కూడా ఆ ఘట్టం కాగితం మీద ఎలా ఉందో చూద్దామనే. తీరా చివరి పేజీ దాకా చదివితే ఆ యుద్ధం అందులో లేనే లేదు. నవలలో సర్‌ప్రైజ్ సగం భూగోళం తిరిగి శత్రునౌక జాడ పట్టేసరికి, అది ఒక దీవి చుట్టూ ఉన్న దిబ్బలకి కొట్టుకుని అప్పటికే ముక్కలై ఉంటుంది. తుపాను మిగిల్చిన శత్రువులు ఒడ్డున గుడారాలు వేసుకుని ఉంటారు. యుద్ధం అసలు ముగిసిందో లేదో కూడా ఇరుపక్షాలకీ నమ్మకంగా తెలియదు.

శత్రువుతో జరిగే ఆఖరి యుద్ధాన్ని మొత్తంగా కల్పించుకున్న సినిమాని మూలానికి ద్రోహం అనాలి కదా. కానీ ఓబ్రయన్ నవలల్ని ప్రాణంగా చూసుకునే పాఠకుల్లో చాలామంది ఆ మాట అనలేదు. నేనూ అనను. సముద్రపు నవలని తెర మీదికి తేవడంలో దేన్ని కదిపితే కథ తట్టుకుంటుందో, దేన్ని కదిపితే కూలిపోతుందో ఈ ఒక్క సినిమా చూపించినంత స్పష్టంగా ఇంకేదీ చూపించలేదని నా నమ్మకం.

ముందు పుస్తకాల సంగతి. ప్యాట్రిక్ ఓబ్రయన్ 1969లో మొదలుపెట్టి 1999 దాకా ఈ వరుసలో 20 నవలలు పూర్తిచేశాడు. నెపోలియన్ కాలపు ఇంగ్లిష్ నౌకాదళంలో జాక్ ఆబ్రీ అనే అధికారి, స్టీఫెన్ మాటురిన్ అనే వైద్యుడు, వాళ్లిద్దరి స్నేహం: ఇరవై పుస్తకాలకీ దారం ఇదే. ఆయన 2000 జనవరిలో చనిపోయాడు కాబట్టి సినిమా చూడలేదు. ఆస్ట్రేలియా దర్శకుడు పీటర్ వియర్, జాన్ కొలీతో కలిసి స్క్రిప్టు రాసుకున్నప్పుడు మొదటి పుస్తకం పేరూ పదో పుస్తకం పేరూ కలిపి పెట్టుకున్నారు. నిజానికి 'మాస్టర్ అండ్ కమాండర్' అనేది ఆ రోజుల్లో ఒక హోదా. పూర్తిస్థాయి కెప్టెన్ కాకముందు చిన్న ఓడని నడిపే అధికారిని అలా అనేవాళ్లు. మొదటి నవలలో జాక్ ఆ హోదా అందుకుంటాడు. సినిమాలో రస్సెల్ క్రో వేసిన జాక్ అప్పటికే కెప్టెన్. అంటే సినిమా పేరు సినిమాలోని మనిషికి అతకదు. ఆ పేరుకి పాఠకుల్లో ఉన్న విలువ కోసం ఉంచేశారనుకోవాలి.

మొదటి పుస్తకాన్ని వదిలి పదోదాన్ని ఎంచుకోవడంలోనే సగం తెలివి ఉంది. మిగతా నవలల్లో కొన్ని చాలా భాగం ఒడ్డు మీదే నడుస్తాయి. అప్పులు, పెళ్లిళ్లు, పార్లమెంటు, నౌకాదళ కార్యాలయంలో పైరవీలు. పదో నవల మాత్రం జిబ్రాల్టర్ వదిలాక దాదాపుగా సముద్రం మీదే. ఇంగ్లిష్ వేట ఓడల్ని దెబ్బతీయడానికి పసిఫిక్ వైపు పోతున్న ఒక ఓడని అందుకోవాలి. అదొక్కటే పని. ముందు ఒక ఓడ, వెనక ఒక ఓడ. ప్రేక్షకుడికి పటం అక్కర్లేదు, రాజకీయం అక్కర్లేదు. వియర్ జిబ్రాల్టర్ని కూడా తీసేశాడు. సినిమా మొదటి క్షణం నుంచే బ్రెజిల్ తీరానికి దూరంగా, నీళ్ల మధ్య ఉంటాం. తెర మీద ఒక్క లెక్క పడుతుంది: 28 ఫిరంగులు, 197 ప్రాణాలు.

ఆ 197 మంది ఊరే ఈ సినిమా అసలు విషయం. మన పల్లెలో ఒకే చెరువు, ఒకే రచ్చబండ, అందరికీ అందరి గుట్టూ తెలిసినట్టే అక్కడా. మునసబు లాంటి కెప్టెన్, కళాసీలు, వడ్రంగి, వంటవాడు, పన్నెండు పదమూడేళ్లకే అధికారులుగా శిక్షణ పొందే పిల్లలు, మూఢనమ్మకాలు, ఎవరి పడక ఎక్కడ అనే కచ్చితమైన వరస. ఆ ఊరి నుంచి పారిపోవడానికి పొలిమేర ఉండదు. సముద్రపు నవలల్లో గొప్పవన్నీ ఈ ఇరుకు గురించే. సాహసం దాన్ని కదిలించే గాలి మాత్రమే. నండూరి రామమోహనరావు గారి తెలుగులో 'కాంచన ద్వీపం' ('ట్రెజర్ ఐలండ్') చదివినవాళ్లకి ఈ మాట కొత్తగా అనిపించదు. అందులో నిధి కంటే, యాపిల్ పీపాలో దాక్కుని పెద్దవాళ్ల కుట్ర వింటున్న కుర్రాడి గుండెదడ కదా మనకి మిగిలింది.

ఇక కోతలు. నవలలో ఓడ మీద గన్నర్ (ఫిరంగుల బాధ్యత చూసే అధికారి) భార్య కూడా ఉంటుంది. ఆమెకీ హోలమ్ అనే దురదృష్టవంతుడికీ సంబంధం కలుస్తుంది. గన్నర్ ఇద్దర్నీ చంపేస్తాడు. ఇంకోచోట స్టీఫెన్ రాత్రిపూట ఓడ వెనక కిటికీలోంచి సముద్రంలో పడిపోతాడు. జాక్ వెంటనే దూకుతాడు. ఓడ వాళ్లని వదిలేసి ముందుకెళ్లిపోతుంది. తెల్లారాక వాళ్లని ఎత్తుకునేది పాలినీషియా ఆడవాళ్లే నడిపే పెద్ద పడవ. చదువుతుంటే అద్భుతంగా ఉంటుంది. తెర మీద పెడితే వేట ఆగిపోతుంది, ప్రేక్షకుడు శత్రునౌకని మర్చిపోతాడు. అందుకే పోయింది. స్టీఫెన్ గూఢచారి పని కూడా పూర్తిగా పోయింది. నవలల్లో అతను సగం ఐరిష్, సగం కాటలన్ (స్పెయిన్‌లోని కాటలోనియా వాడు). నెపోలియన్ మీద ద్వేషంతో ఇంగ్లిష్ వాళ్లకి రహస్యంగా పనిచేసేవాడు. పాల్ బెట్టనీ వేసిన స్టీఫెన్ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త, అంతే.

ఈ చివరి కోత నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నవలల్లో జాక్ సముద్రం మీద సింహం, ఒడ్డు మీద ఎవరైనా మోసం చేయగల అమాయకుడు. స్టీఫెన్ దీనికి తలకిందులు: ఓడ ఎక్కడమే సరిగ్గా రాదు గానీ మనుషుల్ని తెరిచిన పుస్తకంలా చదువుతాడు, అవసరమైతే చంపుతాడు. గూఢచర్యం తీసేశాక అతని చీకటి సగం పోయింది. మిగిలింది మెత్తని మనిషి. ఆడపాత్రల మాటా అంతే. సినిమా మొత్తంలో బ్రెజిల్ దగ్గర పడవలో కనిపించి, జాక్ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసే స్త్రీ తప్ప ఇంకెవరూ లేరు. వేట కథకి ఆ నష్టం తప్పలేదని ఒప్పుకోవచ్చు, అది నష్టం కాదని మాత్రం చెప్పలేం.

హోలమ్ సంగతి వేరు. వియర్ అతన్ని వదిలేయలేదు, అతని చావుకి కారణం మార్చాడు. సినిమాలో హోలమ్ ఓడకి పట్టిన శనిగా ముద్రపడతాడు. గాలి ఆగిపోతే వాడివల్లే, మనిషి పోతే వాడివల్లే. నావికులు ఎదురుపడితే భుజం తగిలించి పోతారు. చివరికి అతను ఒక రాత్రి ఫిరంగి గుండు చేతుల్లో పట్టుకుని సముద్రంలోకి దూకేస్తాడు. మర్నాడు గాలి వీస్తుంది, వాన పడుతుంది. నవలలో అది ఇద్దరు ముగ్గురి మధ్య జరిగిన హత్య. సినిమాలో ఊరు ఊరంతా చేతులకి మట్టి అంటకుండా చేసిన హత్య అయింది. ఇరుకు ఓడలో బతికే గుంపు ఎంత క్రూరంగా మారగలదో ఓబ్రయన్ చాలా పుస్తకాల్లో చెప్పాడు. దాన్ని ఒక్క పాత్రలోకి పిండాడు వియర్. ఈ ఒక్క మార్పులో సినిమా ఆ నవల కంటే పదునుగా ఉందని నా అభిప్రాయం.

ఇలాంటిది ఇంతకుముందూ జరిగింది. 1956లో జాన్ హ్యూస్టన్ తీసిన 'మోబీ డిక్'కి స్క్రిప్టులో రే బ్రాడ్‌బరీ చెయ్యి ఉంది. మెల్విల్ నవలలో ఫెడల్లా అనే రహస్యపు మనిషి ఉంటాడు. చివర్లో తాళ్లతో తిమింగలం ఒంటికి కట్టుకుపోయి కనిపించే శవం అతనిది. కెప్టెన్ అహాబ్‌ని మెడకి చుట్టుకున్న తాడు రెప్పపాటులో సముద్రంలోకి లాక్కుపోతుంది. సినిమాలో ఫెడల్లా లేడు. అతని చావుని అహాబ్‌కి ఇచ్చేశారు. తెల్లటి తిమింగలానికి కట్టుకుపోయిన అహాబ్ పాత్రధారి గ్రెగరీ పెక్ చెయ్యి, రమ్మని పిలుస్తున్నట్టు ఊగుతుంది. పుస్తకం చదవని కోట్లమందికి అహాబ్ అంటే ఆ చెయ్యే. రెండు పాత్రల్ని ఒకదానిలో కలపడం తెరకి పాత అలవాటు. కలిపినప్పుడు అర్థం పెరిగిందా తరిగిందా అన్నదే ప్రశ్న.

వియర్, కొలీ తీసేసిన దానికి బదులు మిగతా పుస్తకాల్లోంచి తెచ్చి నింపారు. రాత్రి చీకట్లో తెప్ప మీద దీపాలు పెట్టి వదిలి, శత్రువుని దాని వెంట పంపేసి తప్పించుకునే ఎత్తు మొదటి నవలలోది. స్టీఫెన్ అద్దం పెట్టుకుని తన ఒంట్లోంచి తానే తూటా తీసుకోవడం మూడో నవలలోది. అక్కడ అది ద్వంద్వయుద్ధంలో తగిలిన తూటా. సినిమాలో పక్షిని కొట్టబోయి గురి తప్పిన తుపాకీది. ఆ శస్త్రచికిత్స కోసం జాక్ శత్రువుని వదిలేసి ఓడని గాలపగోస్ దీవుల వైపు తిప్పుతాడు. నవలలోనూ తలకి దెబ్బ తగిలి స్పృహ లేకుండా పడున్న స్టీఫెన్ కోసమే జాక్ ఓడ ఆపి దీవిలో దిగుతాడు, అక్కడే శత్రువులు ఎదురవుతారు. సంఘటనలు మారాయి. స్నేహితుడి కోసం దిగిన నేల మీదే శత్రువు దొరకడం మాత్రం అలాగే ఉంది. సినిమా పుస్తకంలోంచి దేన్ని పట్టుకుందో ఇక్కడ తెలుస్తుంది.

ఇక అందరూ వేలెత్తి చూపే మార్పు శత్రువుది. నవలలో శత్రునౌక 'నార్ఫోక్' అమెరికాది. 1812లో మొదలైన ఇంగ్లండ్-అమెరికా యుద్ధంలో 'ఎసెక్స్' అనే అమెరికన్ ఫ్రిగేట్ (వేగంగా నడిచే మధ్యరకం యుద్ధనౌక) నిజంగానే దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి పసిఫిక్‌లోకి వెళ్లి ఇంగ్లిష్ వేట ఓడల్ని పట్టుకుంది. 1814 మార్చిలో చిలీలోని వాల్పరైసో దగ్గర ఇంగ్లిష్ వాళ్లకి చిక్కింది. ఓబ్రయన్ కథకి మూలం ఆ చరిత్రే. సినిమాకి వచ్చేసరికి శత్రువు ఫ్రెంచి ప్రైవేటు యుద్ధనౌక 'అకెరాన్' అయింది, కాలం 1805 ఏప్రిల్‌కి జరిగింది. అమెరికన్ స్టూడియోల డబ్బుతో అమెరికన్లని ఓడించే సినిమా తీయడం కష్టమని ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అయినా అమెరికా వాసన పూర్తిగా పోలేదు. కథలో అకెరాన్ బోస్టన్‌లో కట్టిన ఓడ. దాని రూపానికి నమూనాగా తీసుకున్నది 1797లో బోస్టన్‌లోనే నీళ్లలోకి దిగిన 'కాన్‌స్టిట్యూషన్'ని. మందపాటి ఓక్ కొయ్య వల్ల గుండ్లు దాని ఒంటి మీద పనిచేయలేదని పేరున్న ఓడ అది.

తేదీ మార్పు వ్యాపారం కోసం చేసిందే అయినా, దానివల్ల కలిసొచ్చినదాన్ని ఎక్కువమంది గమనించరు. ఇంగ్లిష్ నౌకాధిపతి నెల్సన్ 1805 అక్టోబరులో ట్రఫాల్గర్ యుద్ధంలో చనిపోయాడు. 1812 నాటి కథలో అతను జ్ఞాపకం మాత్రమే. 1805 ఏప్రిల్‌లో ఇంకా బతికే ఉన్నాడు. సినిమాలో బ్లేక్నీ అనే పిల్లాడి చెయ్యి పోతుంది. జాక్ వాడికి నెల్సన్ యుద్ధాల పుస్తకం ఇస్తాడు. పేజీ తిప్పితే ఒంటిచేతి నెల్సన్ బొమ్మ. నెల్సన్ చెయ్యి పోయింది 1797లో. తర్వాత భోజనాల బల్ల దగ్గర పిల్లలు నెల్సన్ మీతో ఏం మాట్లాడాడని ఆశగా అడిగితే, కాస్త ఉప్పు అందిస్తావా అన్నాడని చెబుతాడు జాక్. అందరూ నవ్వుతారు. మొదటి నవలలోంచి తెచ్చుకున్న ముచ్చట ఇది. వాళ్లు దేవుడిలా చూసే నెల్సన్‌కి ఇంకా ఆరు నెలలే ఆయుష్షు ఉందని బల్ల చుట్టూ కూర్చున్న ఎవరికీ తెలియదు, చరిత్ర తెలిసిన ప్రేక్షకుడికి తప్ప. ఆ దిగులు నవలలోని కాలానికి రాదు.

కాలాన్ని వంచడం గురించి ఓబ్రయన్ పాఠకులు గింజుకోవాల్సిన పని కూడా లేదు. 1812 దగ్గరికి వచ్చేసరికి ఆయన దగ్గర యుద్ధం తక్కువా కథ ఎక్కువా అయ్యాయి. ఆ ఏడాదినే 1812ఎ, 1812బి అని సాగదీయాల్సి రావచ్చని ఈ పదో నవల ముందుమాటలో ఆయనే రాశాడు. అసలు సర్‌ప్రైజ్ 1796లో ఫ్రెంచి వాళ్ల దగ్గర పట్టుకున్న ఓడ. నౌకాదళం దాన్ని 1802లోనే అమ్మేసింది. కథలోనే అది అన్నేళ్లు ఎక్కువ బతికింది.

ఫ్రెంచి ఓడలు దూరసముద్రాల్లో ఇంగ్లిష్ వర్తకాన్ని దెబ్బతీయడమూ కల్పన కాదు. అందుకు సాక్ష్యం మన విశాఖ రేవే. సినిమా కాలానికి ఏడు నెలల ముందు, 1804 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాధిపతి లినువా 74 ఫిరంగుల 'మరెంగో'తో, రెండు ఫ్రిగేట్లతో విశాఖపట్నం ముందుకొచ్చాడు. రేవులో 50 ఫిరంగుల ఇంగ్లిష్ ఓడ 'సెంచూరియన్', దాని కాపలాలో రెండు వర్తక నౌకలు. వర్తక నౌకల్లో ఒకటి ఒడ్డుకి కొట్టుకుని విరిగింది, ఇంకోటి లొంగిపోయింది. సెంచూరియన్ తూట్లు పడినా నిలబడింది. అదే లినువాని ఓబ్రయన్ తన మూడో నవలలో జాక్ ఆబ్రీకి ఎదురు నిలిపాడు. ఆ పేజీలు చదివినప్పటి నుంచి, యారాడ కొండ వైపు సముద్రం చూస్తుంటే నాకు ఆ మూడు తెరచాప ఓడలు లేకుండా కనిపించదు.

సముద్రపు నవలల్లో సినిమాని భయపెట్టే ఇంకో సంగతి భాష. ఓబ్రయన్ తాళ్ల పేర్లు, తెరచాపల పేర్లు, గాలి లెక్కలు ఏ వివరణా లేకుండా కుమ్మరిస్తాడు. ఉదాహరణకి, ఆ కాలపు యుద్ధంలో గాలికి ఎగువన ఉన్న ఓడదే పైచేయి. ఎప్పుడు మీద పడాలో, ఎంత దూరంలో ఆగాలో అదే తేల్చుకుంటుంది. దిగువన ఉన్నది దాని దయ మీద ఉండాలి. పుస్తకంలో పాఠకుడు వెనక్కి తిప్పి మళ్లీ చదువుకోగలడు. సినిమాలో ఆ వీల్లేదు. వియర్ ఆ పదాల్ని తీసేయలేదు, వివరించలేదు కూడా. మొహాలు చూపించాడు. ఎదుటి ఓడ గాలి పట్టుకుందని ఎవరో అరుస్తారు. మనకి మాట అర్థం కాదు, జాక్ దవడ బిగుసుకోవడం అర్థమవుతుంది. మన రేవుల్లో తండేలు వేసే కేక పడవలో కొత్తగా ఎక్కినవాడికి అర్థమయ్యేది ఇలాగే.

మొదటి దాడిలో ఈ పద్ధతి పూర్తిగా కనిపిస్తుంది. పొగమంచు. కాపలాలో ఉన్నవాడికి ఏదో ఆకారం కనిపించిందేమోనని అనుమానం. చెప్పాలా వద్దా? అది నిజంగా ఓడేనా? దూరదర్శినిలో ఎర్రటి మెరుపులు మినుకుమంటాయి. శబ్దం ఇంకా రాదు. వెలుతురు ముందు, గుండు తర్వాత. ఆ రెండింటి మధ్యనున్న క్షణమే ఒక అధ్యాయం పని చేస్తుంది.

ఆ సముద్రాన్ని ఎలా తయారు చేశారో కూడా చెప్పుకోవాలి. 1970లో కెనడాలోని నోవా స్కోషియాలో కట్టిన 'రోజ్' అనే పాతకాలపు నమూనా ఓడని స్టూడియో కొని సర్‌ప్రైజ్‌గా మార్చింది. మెక్సికోలో 'టైటానిక్' కోసం తవ్విన, సుమారు ఆరు కోట్ల లీటర్లకి పైగా నీళ్లు పట్టే తొట్టిలో రెండో సర్‌ప్రైజ్‌ని నిలువెత్తున కట్టి, అన్ని వైపులా ఊగే యంత్రం మీద కూర్చోబెట్టారు. చిన్న నమూనాలు న్యూజిలాండ్‌లోని వేటా వర్క్‌షాప్ చేసింది. కేప్ హార్న్ తుపాను మాత్రం తొట్టిలో పుట్టింది కాదు. కెప్టెన్ కుక్ ఓడ 'ఎండెవర్' నమూనా నిజంగా కేప్ హార్న్ చుట్టి వెళ్తుంటే, అందులో కెమెరామన్‌ని పంపి అక్కడి కెరటాల్ని పట్టుకొచ్చి, తొట్టిలో ఊగే ఓడ చుట్టూ అతికించారు. కంప్యూటర్ కెరటం ఎప్పుడూ అందంగా పడుతుంది. ఆ తుపానులో కెరటాలు అందంగా ఉండవు, అడ్డదిడ్డంగా వస్తాయి. బంగాళాఖాతం వాయుగుండం రోజున ఒడ్డున నిలబడ్డ ఎవరికైనా ఆ తేడా తెలుస్తుంది. రిచర్డ్ కింగ్ శబ్దం, రసెల్ బాయిడ్ కెమెరా పనితనం ఆస్కార్లు తెచ్చాయి. పది నామినేషన్లలో దక్కినవి ఆ రెండే. మిగిలిన ఎనిమిదింటినీ ఆ ఏడాది 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడో భాగం ఊడ్చుకుపోయింది.

డబ్బు లెక్క కథనంత బాగా లేదు. ఖర్చు సుమారు 15 కోట్ల డాలర్లు. ప్రపంచమంతా కలిపి వసూలు 21 కోట్ల పైచిలుకు. థియేటర్ల వాటా, ప్రచారం ఖర్చు తీసేస్తే ఏం మిగులుతుందో మన నిర్మాతలెవరైనా చెప్పగలరు. అదే ఏడాది జులైలో వచ్చిన 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' 65 కోట్లు దాటింది. దెయ్యాలు, శాపాలు, నిధి ఉన్న సముద్రానికి గిరాకీ ఉంది. పనిచేసే మనుషులున్న సముద్రానికి అంత లేదు. ఇంకా ఎన్నో నవలలు మిగిలున్నా, వియర్, క్రో జోడీతో రెండో సినిమా రాలేదు.

నాకు మాత్రం ఈ సినిమా గుండెకాయ యుద్ధం దగ్గర కాదు, గాలపగోస్ తగువు దగ్గర ఉంటుంది. దీవి మీద తిరిగి జంతువుల్ని చూసుకోనిస్తానని జాక్ స్నేహితుడికి మాటిస్తాడు. శత్రువు జాడ తెలియగానే మాట తప్పుతాడు. మాటిచ్చావు కదా అంటాడు స్టీఫెన్. నా డ్యూటీ ముందు అంటాడు జాక్. డార్విన్ ఆ దీవుల్లో కాలు పెట్టింది 1835లో. అంటే ఆ తగువు వల్ల స్టీఫెన్‌కి ఏం పోయిందో మనకి తెలుసు, జాక్‌కి తెలియదు. ఈ తగువు నవలలోనూ ఉంది. శత్రువు మారింది, ఏడాది మారింది, చావులు మారాయి, లేని యుద్ధం వచ్చి చేరింది. దీన్ని మాత్రం వియర్ కదపలేదు. ఆయనే దాన్ని చివరిదాకా లాగాడు. యుద్ధం గెలిచాక ఎగరలేని నీటికాకి కోసం వెనక్కి వెళ్దామని ఇద్దరూ అనుకుంటారు. అంతలో చనిపోయాడనుకున్న ఫ్రెంచి కెప్టెన్ వైద్యుడి వేషంలో బతికే ఉన్నాడని జాక్‌కి అర్థమవుతుంది. ఓడ మళ్లీ తిరగాలి. ఆ పక్షి ఎగరలేదుగా, ఎక్కడికీ పోదులే అంటాడు జాక్. స్టీఫెన్ ఏమీ అనడు. వాయులీనం ఒకరు, చెల్లో ఒకరు అందుకుని బొకెరీనీ స్వరపరిచిన సంగీతం వాయించడం మొదలుపెడతారు. పైన నావికులు ఫిరంగుల దగ్గరికి పరిగెడుతుంటారు.